హద్దురాయి కింద బొగ్గు

ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మీకు ఎవరో ఒకరు కారు పంపిస్తారు. ఎక్కకండి. కారులో ఏసీ ఉంటుందని, డ్రైవరు మర్యాదగా తలుపు తీస్తాడని కాదు నా అభ్యంతరం. కారు రోడ్డు మీదుగా వస్తుంది. ఎటు నుంచి తీసుకొస్తే స్థలం ఎత్తుగా, పొడిగా కనిపిస్తుందో అటు నుంచే మిమ్మల్ని తీసుకొస్తారు. మత్తడి దగ్గర, అంటే కుంట నిండి నీళ్లు పొర్లే గోడ దగ్గర దిగి, నడుచుకుంటూ రండి. దాహమైతే మీ సీసాలో నీళ్లు తాగండి.

నా పేరు యాదగిరి. చెరువులు, కుంటలు, వాటిలోకి వాననీళ్లు తెచ్చే కాలువలు, వాటి నుంచి పొర్లి పోయే ఒర్రెలు చూసుకునే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఇబ్రహీంపట్నం చుట్టుపక్కలే గడిచింది. మా అన్న కూతురు ఈ మధ్యే ఇదే పనిలో చేరింది. "బాబాయ్, మీరు ఏం చేసేవాళ్లు?" అని అడిగింది. ఫలానా తూము కట్టించాను, ఫలానా కట్ట బాగు చేయించాను అని చెప్పబోయి ఆగాను. అవి మేస్త్రీలు చేశారు. నేను చేసింది ఒకటే. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూసి, కాగితం మీద సంతకం పెట్టడం. ఆ సంతకాన్ని నమ్మి జనం ఇళ్లు కట్టుకున్నారు.

నగరం ఇటువైపు రావడం మొదలయ్యాక ఆ సంతకం బరువు పెరిగింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. కొంగరకలాన్ వైపు ఆఫీసులు, ఫ్యాక్టరీ వచ్చాయి. కందుకూరు వైపు జొన్న వేసిన చేలల్లో ప్లాట్ల రంగు రాళ్లు మొలిచాయి. వాన మాత్రం పాత వానే. నా చిన్నతనంలో ఒక వాన కుంటకు చేరాలంటే ఒక పూట పట్టేది. చేను తాగేది, గట్టు ఆపేది, మిగిలింది మెల్లగా దిగేది. ఇప్పుడు సిమెంటు మీద పడిన వాన మనం చాయ్ తాగి గ్లాసు పెట్టేలోపు కుంటలో ఉంటుంది. అందుకే ఊళ్లోకి నగరం వస్తున్నకొద్దీ కుంట పెద్దది కావాలి. మనం చేస్తున్నది దానికి సరిగ్గా తిరగేసిన పని.

ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. అవి ఎవరికైనా ఒక్కలాగే ఉంటాయి. నాకు బుద్ధి చెప్పిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు నాదే.

ఖాదర్ సాబ్ దగ్గర నేర్చుకున్నది

నా మొదటి పై అధికారి ఖాదర్ సాబ్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎదుటివాడు "నమస్తే సాబ్" అన్నా, ఎందుకంటున్నాడో అని ఒక క్షణం ఆలోచించేవాడు. కొలతలు పూర్తయ్యేదాకా ఎవరి చేతి చాయ్ ముట్టేవాడు కాదు.

"చాయ్ తాగినంక టేపు జర సాగుతది బేటా" అనేవాడు.

ఒకరోజు ఒక కుంట అంచున ఉన్న హద్దురాయి చూపించి కూలీలతో పీకించాడు. రాయి కింద మట్టి తప్ప ఏమీ లేదు. ఆయన నవ్వాడు. ఊరి నక్షా తెరిచి, గొలుసు పట్టించి కొలిపించి, బాగా వెనక్కి, ఎవరో దున్నుకుంటున్న చేనులోకి తీసుకెళ్లి అక్కడ తవ్వమన్నాడు. రెండు జానల లోతులో నల్లగా బొగ్గు ముక్కలు, వాటి మధ్య కుండ పెంకులు కనిపించాయి.

"చూసినవా? రాయిని ఇద్దరు మనుషులు మోస్తరు. రాత్రికి రాత్రి నడిపిస్తరు. కింద బొగ్గు ఉన్నదని ఎవరికీ ఎర్కలేదు గనక దాన్ని ఎవరూ మొయ్యరు."

పాతకాలపు సర్వేవాళ్లు శిఖం భూమి హద్దు రాళ్ల కింద బొగ్గు, పెంకులు వేసి పాతేవారట. శిఖం అంటే కుంట నిండినప్పుడు నీళ్ల కింద ఉండే నేల. బొగ్గు కుళ్లదు, చెదలు తినదు. ఎన్నేళ్లకు తవ్వినా ఉంటుంది.

జీపు ఎక్కబోతూ ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. "గీ ముచ్చట ఎవరికీ చెప్పకు యాదగిరీ. చెప్తే ఇగ అది పని చెయ్యది."

చెప్పనన్నాను. చాలా ఏళ్లు ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా.

బకెట్ సారు

ఖాదర్ సాబ్ వెళ్లిపోయాక ఆయన అనుమానం నాకు వారసత్వంగా వచ్చింది. దాన్ని బాగానే వాడుకున్నాను. కోహెడ వైపు ఒక వెంచర్‌లో ఇంకుడు గుంతలు చూడటానికి వెళ్లాను. వాననీళ్లు రోడ్డు మీదికి పోకుండా అక్కడికక్కడే భూమిలోకి దిగడానికి తవ్వాల్సిన గుంతలవి. పది మూతలు, ఆకుపచ్చ రంగు, పక్కన బోర్డు, బోర్డు మీద చెట్టు బొమ్మ. మేనేజర్ ఒక్కొక్క మూత దగ్గరా నన్ను నిలబెట్టి ఫోటో తీయించబోయాడు.

నేను ఒక బకెట్ నీళ్లు అడిగాను. మొదటి మూత కన్నంలో పోస్తే గుటకలేసినట్టు తాగింది. రెండోది కూడా తాగింది. మూడోదానిలో పోస్తే నీళ్లు తిరిగొచ్చి నా బూట్ల మీద పడ్డాయి.

"నిండిపోయినట్టున్నది సార్" అన్నాడు మేనేజర్.

"వాన పడక నాలుగు నెలలైంది. దేనితో నిండింది?"

ఆయన వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ ఆకాశం వైపు చూశాడు. మూత లేపిస్తే కింద గడ్డపార తగలని నేల. మిగతావీ లేపించాను. చాలా వాటి కింద అదే సంగతి. అన్నీ మళ్లీ తవ్వించేదాకా సంతకం పెట్టలేదు. అప్పటి నుంచి ఆఫీసులో నాకు బకెట్ సారు అని పేరొచ్చింది. ఎవరైనా అలా పిలిస్తే విననట్టు నటించేవాణ్ణి గానీ, లోపల మస్తు ఖుషీగా ఉండేది. నేను చెడిపోవడం అక్కడే మొదలైంది.

నా నోటిదూల

ఆ మేనేజర్ నా మీద కోపం పెట్టుకోలేదు. దాన్నే నేను అనుమానించి ఉండాల్సింది. తప్పు పట్టుకున్న అధికారిని ఆరు నెలల తర్వాత శాలువా కప్పడానికి పిలిచేవాడికి మన మీద గౌరవం ఉందనుకోవడం అమాయకత్వం. ఒక లేఅవుట్ ప్రారంభానికి పిలిచాడు. షామియానా, కుర్చీలు, చాయ్. కొలవాల్సిందేమీ లేదు కదా అని గ్లాసు అందుకున్నాను.

"మీ బకెట్ టెక్నిక్ ఇప్పటికీ మా స్టాఫ్‌కు చెప్తుంట సార్. మిమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేరు" అన్నాడు.

అంతే. నా నోరు ఆగలేదు. బకెట్ ఏముంది, అసలు విద్య ఇంకోటి ఉందన్నాను. ఖాదర్ సాబ్ పేరు చెప్పాను. రాయి నడుస్తుందని, బొగ్గు నడవదని చెప్పాను. ఎంత లోతులో ఉంటుందో చేత్తో చూపించాను.

గ్లాసు పట్టుకున్న ఆయన చెయ్యి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అది నేను చూశాను. చూసి, నేను చెప్పే తీరు అంత రసవత్తరంగా ఉందనుకున్నాను.

"పాత రాళ్లన్నిటి కింద ఉంటదా సార్?"

"శిఖం హద్దుల కింద తప్పకుండా ఉంటుంది."

ఏడాది తిరిగాక ఆ మేనేజర్ దరఖాస్తే నా బల్ల మీదికి వచ్చింది. ఇబ్రహీంపట్నానికి దగ్గర్లో ఒక ఊరు. ఊరి పేరు రాయను, అక్కడ ఇంకా ప్లాట్లు అమ్ముతున్నారు. కుంటను తుమ్మల కుంట అందాం. కుంట శిఖానికి ఆనుకొని వెంచర్. నీళ్లు హద్దు దాటి ఇటు రావని నేను రాసివ్వాలి.

కారు ఎక్కలేదు. మత్తడి దగ్గర దిగి నడిచాను. చాయ్ వద్దన్నాను. మూడు హద్దు రాళ్లు పీకించి తవ్వించాను. మూడింటి కిందా బొగ్గు ఉంది. ఆ రాళ్లు మత్తడి కంటే ఎత్తులో ఉన్నాయా, కింద ఉన్నాయా అని ఎత్తులు కొలిచే లెవెల్ మిషనుతో చూడటం అరగంట పని. మిషను ఆరోజు వేరే పనికి పోయింది. బొగ్గు ఉంది కదా, ఇంకెందుకు అనుకున్నాను.

బాలయ్య మీద అనుమానం

మేం తవ్వుతుంటే ఆ కుంట నీరటి వచ్చాడు. నీరటి అంటే తూము తెరిచి మూసే మనిషి. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లివ్వాలో ఆయనే చూస్తాడు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని. ఆయన పేరు బాలయ్య. భుజాన గొంగడి, చేతిలో పార.

"సారూ, నువ్వు తప్పు జాగల తవ్వుతున్నవ్. నీళ్లు గీడ ఆగయి. గా యాపచెట్టు మొదలు దాంక వస్తయి."

ఆయన చూపించిన వేపచెట్టు వెంచర్‌లో రెండు వరుసల ప్లాట్లు దాటాక ఉంది. నాకు వెంటనే అనుమానం వచ్చింది, నీళ్ల మీద కాదు, బాలయ్య మీద. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఆ అంచున ఆయన కూరగాయలు వేసుకుంటాడని ముందే విన్నాను. వెంచర్ వస్తే ఆ సాగు పోతుంది. ఈయన తన జాగా కోసం చెబుతున్నాడని తేల్చేశాను.

"బాలయ్యా, బొగ్గు కనబడుతుంది కదా. బొగ్గు అబద్ధం చెబుతుందా?"

ఆయన వంగి ఒక ముక్క తీసుకున్నాడు. వేళ్లతో నలిపాడు. అది పుటుక్కున విరిగింది.

"గిది మా ఊరి బొగ్గు గాదు సారు."

"బొగ్గుకు కూడా ఊరుంటుందా?"

"ఎందుకుండదు? మా దిక్కు తుమ్మ కాలుస్తరు. అది ఇట్ల ఇరగది. గిది ఏడనో కొన్న బొగ్గు."

కూలీలు నవ్వారు. నేనూ నవ్వాను. బాలయ్య ఆ ముక్కలను మళ్లీ గుంతలో వేసి, చేతులు గొంగడికి తుడుచుకొని వెళ్లిపోయాడు. నేను ఆరోజు సాయంత్రమే సంతకం పెట్టాను. ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి, తుమ్మ బొగ్గు ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

సుజాత అడిగిన ప్రశ్న

కొన్ని వారాల తర్వాత ఆఫీసుకు ఒకామె వచ్చింది. పేరు సుజాత. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురు సందులో టైలరింగ్ షాపు. భర్త ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆయన మొహమాటపడి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆమె మాత్రం వెంచర్ కాగితాలు నా ముందు పెట్టి, కుర్చీలో కూర్చుంది.

"సారూ, మేం గీ ప్లాటు తీసుకుంటున్నం. మాకున్నదంతా దీంట్లనే పెడుతున్నం. సంతకం మీదని చెప్పిన్రు. అందుకే మిమ్మల్నే అడుగుదామని వచ్చిన. నీళ్లు రావు గద?"

నా సర్వీసు మొత్తంలో కొనకముందు వచ్చి ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే. మిగతా అందరూ నీళ్లొచ్చాక వచ్చి అడిగారు.

"రావమ్మా. నేను స్వయంగా చూశాను."

"నేను గూడ పోయి చూసొచ్చిన సారూ. ప్లాటుల మస్తు తుంగ మొలిచింది. ఇంటి జాగల తుంగ ఎందుకు మొలుస్తది?"

తుంగ తడి విడవని నేలలో పెరుగుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఒక టైలరమ్మ నన్ను ప్రశ్నించడమేమిటని నాలో ఏదో చురుక్కుమంది.

"బోరు వేసినప్పుడు నీళ్లు పారి ఉంటాయి. హద్దు రాళ్లు తవ్వించి మరీ చూశాను. ఫికర్ చేయకు."

ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "మీరు చూసిన్రంటే సాలు సారూ."

వాళ్లు రెండు గదులు కట్టుకున్నారు. వీధి వైపు గదిలో కుట్టు మిషను పెట్టుకుంది. గృహప్రవేశానికి నన్ను పిలిచారు. వెళ్లి భోజనం చేసి వచ్చాను.

కుంట నిండిన రోజు

రెండేళ్లు వానలు సరిగా లేవు. కుంట సగం కూడా నిండలేదు. ఆ రెండేళ్లూ నా సంతకానికి ఏమీ కాలేదు. మూడో ఏడు వాన విడవకుండా పట్టుకుంది. పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి.

వెళ్లేసరికి సుజాత ఇంట్లో మోకాళ్ల లోతు నీళ్లున్నాయి. మిషను మంచం మీద ఉంది. మంచం కింద నీళ్లలో ఎవరివో పెళ్లి జాకెట్లు తేలుతున్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే ఏరి పిండుతోంది. అరుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"రాళ్లు తవ్వి చూసిన్రు గద సారూ?" అంది. మళ్లీ జాకెట్లు ఏరసాగింది.

నీళ్లు తగ్గాక లెవెల్ మిషను తీసుకొని వెళ్లాను. మత్తడి దగ్గర మొదలుపెట్టి ఆమె గడపదాకా చూశాను. గడప మీద కొలత కర్ర నిలబెట్టించి అద్దంలోంచి చూసిన అంకె రాసుకున్నాను. మత్తడి కంటే ఆమె గడప మోకాలెత్తు కింద ఉంది. కుంట నిండిన ప్రతిసారీ ఆ ఇంట్లోకి నీళ్లు వస్తాయి. ఈ పనికి అరగంటే పట్టింది.

తర్వాత హద్దురాయి దగ్గర మళ్లీ తవ్వించాను, ఈసారి బొగ్గు కింద దాకా. బొగ్గు కింద నీలి గీతలున్న సిమెంటు సంచి ముక్క దొరికింది. పాతకాలపు సర్వేవాళ్లు సిమెంటు సంచి ఎక్కడి నుంచి తెస్తారు? రాళ్లను కుంట వైపు జరిపి, కింద కొన్న బొగ్గు పోసి పాతారు. వేపచెట్టు మొదట్లో తవ్వితే అసలు బొగ్గు ఉంది, గట్టిగా, పెంకులతో సహా.

ఈ ఉపాయం వీళ్లకు ఎవరు చెప్పారని రెండు రోజులు అందరినీ అనుమానించాను. మా సర్వేయర్‌ను, తవ్విన కూలీలను, చివరికి బతికి లేని ఖాదర్ సాబ్‌ను కూడా. మూడో రోజు షామియానా కింద ఆగిపోయిన ఆ గ్లాసు గుర్తొచ్చింది. దొంగకు తాళంచెవి ఇచ్చింది నేనే. అందరినీ అనుమానించే మనిషికి ఒక రోగం ఉంటుంది. తనను తాను ఎన్నడూ అనుమానించుకోడు. మీకు ఆ రోగం వస్తే నా దగ్గరికి రండి, ఎలా ఉంటుందో చెబుతాను.

రెండు వరుసల రాయి

కాలనీవాళ్లు, మేనేజర్ కలిసి ఆఫీసుకు వచ్చారు. వాళ్ల దగ్గర సులువైన ఉపాయం ఉంది. మత్తడి మీద రెండు వరుసల రాయి తీసేస్తే చాలు. కుంటలో నీళ్లు మోకాలెత్తు కిందే ఆగిపోతాయి. ఒక్క ఇల్లూ తడవదు.

వాళ్లు వెళ్లాక అప్పటి నా పై అధికారి తలుపు దగ్గరికి వేశాడు.

"ఆలోచించు యాదగిరీ. ఇండ్లు మిగులుతయి. నీ సంతకం గూడ ఒడ్డున పడతది. ఎవరూ ఏం అడగరు."

దాచుకోకుండా చెబుతున్నాను, నాకు ఆ మాట తియ్యగా ఉంది. నా తప్పు నీళ్లలో కలిసిపోతుంది. సుజాత ఇల్లు కూడా నిలుస్తుంది. మంచి కారణం, చెడ్డ కారణం రెండూ ఒకే వైపు లాగుతున్నప్పుడు మనిషి చాలా తొందరగా ఒప్పుకుంటాడు. అలాంటప్పుడే ఆగి చూడాలని ఇప్పుడు అంటున్నాను గానీ, ఆరోజు నన్ను ఆపింది నా తెలివి కాదు, బాలయ్య.

ఆయన్ను వెతుక్కుంటూ కట్ట మీదికి వెళ్లాను. క్షమాపణ చెప్పడానికే వెళ్లాను.

"బాలయ్యా, ఆరోజు నిన్ను తప్పుగా అనుకున్నాను. జాగా కోసం చెబుతున్నావనుకున్నాను."

"అవ్ సారు, జాగ కోసమే చెప్పిన" అన్నాడు ఆయన తాపీగా. "గా జాగల నాలుగు వంకాయలు కాస్తయి నాకు. పోతదంటే బాధ గాదా? అయితే నాకు జాగ ఉన్నదని నీళ్లు రాకుంట ఉంటయా?"

లాభం ఉన్న మనిషి కూడా నిజం చెప్పగలడన్న సంగతి ఇన్నేళ్ల అనుమానంలో నాకు తట్టనే లేదు. మత్తడి తగ్గించే మాట చెప్పాను. ఆయన నన్ను ఒర్రె వెంబడి కిందికి నడిపించాడు. మత్తడి దాటి పొర్లిన నీళ్లు ఆ ఒర్రెలోంచే పోతాయి. ఒకప్పుడు బండి తోలేంత వెడల్పు. ఇప్పుడు ఎప్పటి నుంచో ఉన్న ఒక బస్తీ ఇళ్ల మధ్య రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతున్నాయి. గోడల పక్కన మంచినీళ్ల బిందెలు, ఒక ముసలమ్మ ఆరబెట్టిన మిరపకాయలు.

"ఇంత పెద్ద వాన పడ్డదా, గీళ్ల గడపలు తడవలే. ఎందుకంటవ్? కుంట పట్టుకున్నది. నువ్వు రెండు వరుసల రాయి తీస్తే గా నీళ్లను ఏడ వెట్టుకుంటవ్ సారు?"

ఆఫీసుకు వచ్చి లెక్క వేశాను. ఆయన చెప్పింది తప్పని తేలాలని రెండోసారి కూడా వేశాను. తేలలేదు. పైన లేఅవుట్ల నుంచి ఉరుకుతూ వచ్చే మొదటి గంట వానను ఆ కుంటే ఆపుతోంది. దాని అంచు కోస్తే ఆ నీళ్లు ఒక్కసారిగా బస్తీ మీద పడతాయి. పైగా ఎండాకాలానికి చుట్టుపక్కల బోర్లలో ఉండే నీళ్లు కూడా ఆ కుంటవే.

మత్తడి ముట్టుకోకూడదని, హద్దు రాళ్లు జరిపారని, నేను సరిగా చూడకుండా సంతకం పెట్టానని మూడు విషయాలూ ఒకే కాగితం మీద రాసిచ్చాను. దాంతో నాకేమైందో రాయను, అది పెద్ద విషయం కాదు. వేపచెట్టుకు ఇవతల, కుంట వైపు ఉన్న ఇళ్లు తీసేయాలి. సుజాతది మొదటి ఇల్లు.

ఆమె షాపుకు నేనే వెళ్లి చెప్పాను. ఆమె మిషను ఆపలేదు.

"మత్తడి తగ్గిస్తే ఇల్లు ఉంటదట గద సారూ?"

"ఉంటుంది. కింద బస్తీలోకి నీళ్లు పోతాయి."

ఆమె కాసేపు కుట్టింది. తర్వాత పెడల్ మీంచి కాలు తీసింది. చక్రం తిరిగి తిరిగి ఆగింది.

"గా బస్తీవాళ్లు ఇల్లు కట్టుకునేటప్పుడు మిమ్మల్ని అడిగిన్రా?"

"లేదు."

"నేను అడిగిన సారూ."

ఎవరో జాకెట్ కొలతలకు వస్తే పక్కకు జరిగి బయటికి వచ్చేశాను.

ఆ తర్వాతి వాన

ఆ ఇళ్లవాళ్లందరికీ మెరక మీద ప్లాట్లు మేనేజర్ చేత ఎలా ఇప్పించామన్నది పూర్తిగా కాగితాల కథ. విసుగ్గా ఉంటుంది, వదిలేస్తున్నాను. ఖాళీ అయిన రెండు వరుసల ప్లాట్లూ కుంటకే వదిలాం. గోడ కట్టనివ్వలేదు, రాళ్లు పరచనివ్వలేదు. నీళ్లొస్తే నిలుస్తాయి, పోతే గడ్డి మొలుస్తుంది. అక్కడ పార్కు కడతామని కొందరు తిరుగుతున్నారట. వాళ్ల మీద కన్నేసి ఉంచమని మా అన్న కూతురికి చెప్పాను.

కొత్త ప్లాట్లలో అందరూ ముగ్గులు పోసి పునాదులు తీశారు. సుజాత తీయలేదు. భర్త నచ్చజెప్పాడు. మేనేజర్ తొందరపెట్టాడు, ఇప్పుడు కట్టకపోతే మళ్లీ కుదరదని బెదిరించాడు. ఆమె ఒకటే మాట అంది, కుంట నిండనీయండి అని. షాపు వెనక గదిలో వంట, ముందు గదిలో మిషను, అలాగే ఒక ఏడాది గడిపింది. ఆలోపు నేను రిటైరయ్యాను.

మరుసటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం పెద్ద వాన పట్టింది. సాయంత్రానికి మత్తడి దుంకుతోందని, అంటే కుంట నిండి పొర్లుతోందని విని, ఇంట్లో ఉండలేక బయల్దేరాను. కొత్త ప్లాట్ల దగ్గరికి వెళ్లేసరికి దూరం నుంచే ఒక గొడుగు కనిపించింది. సుజాత తన ప్లాటు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చుంది. చెప్పులు విప్పి పాదాలు నేలకు ఆనించింది. ఎప్పటి నుంచి కూర్చుందో, చీర కుచ్చిళ్లు పూర్తిగా తడిసి ఉన్నాయి.

ఆ స్థలం మత్తడి కంటే ఎంత ఎత్తులో ఉందో నేను లెవెల్ మిషనుతో మూడుసార్లు చూశాను. ముగ్గురు వేర్వేరు మనుషులతో చూపించాను. నా జీవితంలో ఇంత ఖాయంగా తెలిసిన విషయం ఇంకోటి లేదు. దగ్గరికి వెళ్లాను.

"ఇక్కడికి నీళ్లు రావు సుజాతా. మూడుసార్లు..."

"మీరు చెప్పకుండ్రి సారూ" అంది ఆమె, కోపం లేకుండా. "నేను చూస్తున్న."

ఆమె కళ్లు కుంట మీదే ఉన్నాయి. నేను నోరు మూసుకొని, నా గొడుగు తెరిచి, కొంచెం దూరంలో నిలబడ్డాను. వాన ఆగేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. నన్ను ఆమె ఏమీ అడగలేదు.